పైరువిక్ ఆమ్లంలో అగ్ని ఎక్కడుంది?

సందేహం: నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగు మాధ్యమంలో వృక్షశాస్త్రం చెబుతాను. శ్వాసక్రియ పాఠంలో వచ్చే ‘పైరువిక్ ఆమ్లం’లోని ‘పైర్’కు గ్రీకులో అగ్ని అని అర్థమని చదివాను. పైరైటీస్, పైరోమీటర్, పైరెక్సియా, పిరమిడ్, పయోరియా కూడా అక్కడి నుంచి వచ్చినవేనా? పైరైట్ ఏకవచనం, పైరైటీస్ బహువచనం అనుకోవచ్చా? పైరువిక్ ఆమ్లాన్ని ‘అగ్నిద్రాక్షామ్లం’ అని తెనిగిస్తే తప్పా?

సమాధానం: మీరు చెప్పిన మాటల్లో రెండింటిని ముందే పక్కన పెట్టాలి. పయోరియాలో ఉన్నది ‘చీము’ అనే అర్థమిచ్చే వేరొక గ్రీకు మాట. చిగుళ్ల నుంచి చీము కారడమే ఆ వ్యాధికి పేరయింది. పిరమిడ్ కొన నిప్పుమంటలా సన్నబడుతుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చిందని పూర్వం కొందరు అనుకున్నారు గాని, ఆ వ్యుత్పత్తిని నేటి భాషావేత్తలు ఒప్పుకోవడం లేదు. తక్కిన మూడూ (పైరైటీస్, అధిక వేడిని కొలిచే పైరోమీటర్, పైరెక్సియా), పైరువిక్ ఆమ్లమూ అగ్నివాచకం నుంచి పుట్టినవే. ఆ మాటను ప్రాచీన గ్రీకులు ‘పూర్’కు దగ్గరగా పలికేవారు, లాటిన్ లిపి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి అది ‘పైర్’ అయింది. మన పొలాల్లోని పైరుకూ దీనికీ ఉన్నది ధ్వనిసామ్యం మాత్రమే.

ఈ గ్రీకు మాట, సంస్కృతంలోని ‘అగ్ని’ ఒకే కుటుంబానికి చెందిన భాషలవే అయినా ఒకే ధాతువువి కావు. ఇండో-యూరోపియన్ భాషల్లో నిప్పుకు రెండు ప్రాచీన పదాలు ఉండేవి. ఒకదాని నుంచి గ్రీకు ‘పూర్’, ఇంగ్లీషు ‘ఫైర్’ వచ్చాయి. మరొకదాని నుంచి సంస్కృత ‘అగ్ని’, లాటిన్ ‘ఇగ్నిస్’ వచ్చాయి. అందుచేత ఇగ్నియస్ శిలలను మన పాఠ్యపుస్తకాలు ‘అగ్నిశిలలు’ అన్నప్పుడు, అనువదించినవారు అనుకుని చేశారో లేదో గాని, రక్తసంబంధం ఉన్న మాటనే దాని పక్కన నిలబెట్టారు. ‘నిప్పు’ ఈ రెండింటికీ దూరమైన ద్రావిడ పదం. తమిళంలోని ‘నెరుప్పు’ దానికి తోబుట్టువు.

పైరైటీస్ విషయంలో మీ ఊహ సహజమైనదే గాని సరైనది కాదు. గ్రీకులో ‘పురీతేస్’ అంటే నిప్పురాయి. ఉక్కుతో కొడితే నిప్పురవ్వలు రాల్చే రాళ్లకు, అంటే మనం చెకుముకి రాయి వంటివి అనదగిన వాటికి, ఆ పేరు పెట్టారు. చివర వినిపించే ‘స్’ అక్కడ పుంలింగ ఏకవచన ప్రత్యయం. ఆ ‘స్’ లేని ‘పైరైట్’ అదే మాటకు మరో రూపం మాత్రమే. కాబట్టి ‘ఐరన్ పైరైటీస్ ఒక ఖనిజం’ అని రాయడం నిర్దోషం. మన రసశాస్త్రజ్ఞులు రాగి, ఇనుము, గంధకం కలిసిన ఇలాంటి ఖనిజాన్నే స్వర్ణమాక్షికం అన్నారు. గ్రీకులు ఆ జాతి రాళ్లలో నిప్పురవ్వను చూస్తే మనవారు తేనెరంగును చూశారు. మాక్షికమంటే తేనె కదా.

పైరెక్సియా అంటే జ్వరం. వైద్యుడు విలియం కల్లెన్ 1769లో రోగాలను వర్గీకరించినప్పుడు జ్వరాలన్నింటినీ కలిపి ‘పైరెక్సియే’ అనే ఒక తరగతిగా నిలిపాడు. ఇక్కడ మనకు పరాయితనమేమీ లేదు. సంస్కృతంలోనూ జ్వరించడాన్ని తెలిపే ‘జ్వర్’, మండడాన్ని తెలిపే ‘జ్వల్’ అతి దగ్గరి ధాతువులు; తెలుగులో ‘ఒళ్ళు కాలిపోతోంది’ అని అననివారు లేరు. ఇదే శాఖలో ‘పైరెథ్రమ్’ అనే పాత మూలికానామం ఉంది. అది మొదట మన ఇళ్లలో పిల్లలకు మాట స్పష్టంగా రావాలని నాలుకకు రాసే అక్కలకర్రది. ఆ వేరు నమిలితే నాలుక చురుక్కుమంటుంది కాబట్టి దానికి నిప్పు పేరు వచ్చింది. ఆ తరువాత ఆ పేరు పురుగులను చంపే ఒక జాతి చామంతికీ సంక్రమించింది. దోమల చుట్టల్లో వాడే పైరెథ్రాయిడ్లకు అది అక్కడి నుంచి అందింది. చుట్టను వెలిగించి వాడతాం గనుక పేరులో నిప్పు చేరిందనుకోవడం పొరపాటు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. పాత రసాయనశాస్త్రంలో ‘ఎంపైరూమా’ అనే మాట ఒకటి ఉండేది. చెక్క, ఎముక, నూనె వంటి పదార్థాలను మూసిన పాత్రలో గట్టిగా కాచినప్పుడు వచ్చే మాడు వాసనకు, తెలుగులో కమురు అనే దానికి, అది పేరు. కాని గ్రీకులో ఆ మాటకు మొదటి అర్థం వేరు: మళ్లీ రాజేసుకోవడానికి బూడిద కప్పి దాచిన నిప్పుకణిక. అగ్గిపెట్టె ఇంటింటికీ రాకముందు మన పల్లెల్లో రాత్రి పొయ్యిలోని నిప్పును బూడిదలో దాచి తెల్లవారి తీసేవారు. అంటే ఎంపైరూమా అక్షరాలా నివురుగప్పిన నిప్పే. మనకు జాతీయమై నిలిచిన ఆ ఊహ అక్కడ శాస్త్రపదమై, ప్రయోగశాలలోని కమురు వాసనకు పేరై, వాడుక నుంచి జారిపోయింది. ఇంత అందమైన మాట పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అలా మూసి కాచగా వచ్చిన కొత్త పదార్థానికి ‘పైరో’ అనే ఉపపదాన్ని చేర్చడం ఆనాటి రసాయనవేత్తల ఆచారమయింది. ఫ్రెంచి రసాయనవేత్త లవోయిజియే, ఆయన సహచరులు 1787లో ప్రకటించిన నామకరణ పద్ధతిలో కట్టె నుంచి ఇలా తీసిన ఆమ్లం ‘పైరోలిగ్నియస్’ అయింది. షీలే అనే రసాయనవేత్త 1786లో మాచికాయల ఆమ్లాన్ని వేడిచేసి రాబట్టిన పదార్థానికి పైరోగాలాల్ అనే పేరు స్థిరపడింది. చింతపండు పులుపులో ప్రధానమైనదీ ద్రాక్షలో ఉండేదీ అయిన టార్టారిక్ ఆమ్లాన్ని కాచి స్వేదనం చేస్తే వచ్చిన ఆమ్లానికి స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ‘పైరువిక్’ అని పేరు పెట్టాడు. ‘ఉవా’ అంటే లాటిన్‌లో ద్రాక్ష. లిగ్నమ్, గాలా, ఉవా మూడూ లాటిన్ మాటలే, వాటి ముందున్నది గ్రీకు. మన వ్యాకర్తలు చూస్తే వీటిని వైరిసమాసాలని తప్పుబట్టి ఉండేవారు.

కాబట్టి ఈ పేర్లలోని ‘పైరో’ పదార్థంలో నిప్పు ఉందని చెప్పదు, ఆ పదార్థం తొలిసారి చేతికి వచ్చిన దారిని చెబుతుంది. దానికి సరితూగే మాట ‘అగ్ని’ కంటే ‘పుటం’ అని నా అభిప్రాయం. మూకుళ్ల మధ్య మందును మూసి, పిడకల మంటలో పుటం పెట్టే పద్ధతి మన ఆయుర్వేదంలో చిరకాలంగా ఉన్నదే. చరిత్ర ప్రకారం పైరువిక్ ఆమ్లం ‘ద్రాక్షపులుపును పుటం పెట్టగా వచ్చిన ఆమ్లం’. మీరు తరగతిలో బోధించేది మాత్రం కణంలో ఒక గ్లూకోజ్ అణువు విచ్ఛిన్నమై రెండుగా ఏర్పడే మూడు కార్బన్ల ఆమ్లం గురించి. అక్కడ ద్రాక్ష లేదు, పుటమూ లేదు. ‘అగ్నిద్రాక్షామ్లం’ అంటే పిల్లలు దాన్ని జఠరాగ్నితో ముడిపెట్టుకుని, శ్వాసక్రియను జీర్ణక్రియగా పొరబడే ప్రమాదం ఉంది.

మూలార్థాన్ని నమ్మి అనువదిస్తే ఎంత దూరం వెళ్లవచ్చో తెలియాలంటే పైరాక్సీన్‌ను చూడాలి. ఫ్రెంచి ఖనిజశాస్త్రజ్ఞుడు హావీ 1796లో ఆ పేరు పెట్టాడు. దానికి ‘నిప్పుకు అపరిచితం’ అని అర్థం. లావారాళ్లలో ఆ స్ఫటికాలు పొరపాటున చిక్కుకుపోయాయని ఆయన భావించాడు. అవి కరిగిన శిలాద్రవం నుంచే ఏర్పడతాయని తరువాత స్పష్టమయింది. వికారాబాద్ పరిసరాల్లో కనిపించే దక్కను లావా నల్లరాతిలో అది ముఖ్యమైన ఖనిజం. దాన్ని తెలుగులో ‘అగ్న్యపరిచితం’ అంటే హావీ పొరపాటును మనం మళ్లీ కొత్తగా చేసినవాళ్లమవుతాం.

పాఠంలో ‘పైరువిక్ ఆమ్లం’ అనే ఉంచండి. ‘ఆమ్లం’ తెలుగులో ఉంది, అది చాలు. పేరు ఎలా వచ్చిందని విద్యార్థి అడిగితే చింతపండునూ పుటాన్నీ గుర్తుచేసి ఈ కథ చెప్పండి. పరీక్షలో మాత్రం ఆ కథను రాయమనకండి.