కండెను నిలబెట్టే ప్రోటీన్లపై పరిశోధనకు గణితం కావాలా?

ప్రశ్న: జీవశాస్త్రంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కణ విభజన జరిగేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకు వేరుచేసే కండెను (స్పిండిల్‌ను) ప్రోటీన్లు ఎలా నిలబెడతాయో చదివినప్పటి నుంచి అదే విషయంపై పరిశోధన చేయాలని ఉంది. గణితాన్ని పాఠశాలతోనే వదిలేశాను. నాకు అవకాశం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. అయితే గణితాన్ని మళ్లీ పట్టుకోవాలి. ఎందుకో మీకు నచ్చిన కండెతోనే చెబుతాను.

పాఠ్యపుస్తకం బొమ్మలో కండె కదలక మెదలక ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్‌తో తయారై, సుమారు 25 నానోమీటర్ల వ్యాసం ఉండే దాని సూక్ష్మనాళికల్లో (సన్నని గొట్టాల్లో) చాలా భాగం నిమిషం తిరిగేలోపే విడిపోయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. క్రోమోజోములను పట్టుకున్నవి మాత్రం కొన్ని నిమిషాలు నిలుస్తాయి. ఇంత మార్పులోనూ ఆకారం చెదరకపోవడానికి కారణం, ఒకదానికొకటి ఎదురుగా పనిచేసే ప్రోటీన్లే. కైనెసిన్-5 ఎదురెదురు దిశల్లో ఉన్న నాళికలను రెండు కొసలతో పట్టుకుని కండె రెండు చివరలైన ధ్రువాలను దూరంగా నెడుతుంది, కైనెసిన్-14 లోపలికి లాగుతుంది, డైనీన్ న్యూమా అనే మరో ప్రోటీన్‌తో కలిసి నాళికల కొసలను ధ్రువాల దగ్గర కూడగడుతుంది.

మోనాస్ట్రాల్ అనే చిన్న అణువుతో కైనెసిన్-5ను ఆపితే ధ్రువాలు విడిపోలేవు. ఒకే కేంద్రం చుట్టూ క్రోమోజోములు వలయంగా చేరిన కణం మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, కైనెసిన్-5తో పాటు డైనీన్‌ను కూడా అణచివేసినప్పుడు రెండు ధ్రువాల కండె తిరిగి ఏర్పడగలదని ప్రయోగాల్లో తేలింది. ప్రోటీన్ల పేర్లు, పనులు ఎంత బాగా గుర్తున్నా ఈ ఫలితం అర్థం కాదు. కైనెసిన్-5 నెట్టే బలానికీ డైనీన్ లోపలికి లాగే బలానికీ మధ్య లెక్క వేయగలిగితేనే అర్థమవుతుంది. నన్ను అడిగితే ఈ రంగంలోని అందమంతా ఈ లెక్కలోనే ఉంది.

కాబట్టి మిగిలిన డిగ్రీ కాలంలో కలన గణితం, సంభావ్యత, పైథాన్ ప్రాథమికంగా నేర్చుకోండి. పీజీకి కణ జీవశాస్త్రం గానీ జీవభౌతిక శాస్త్రం గానీ తీసుకోవచ్చు. కణాల వర్ధనం, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపీ చేతితో చేయించే ప్రయోగశాల ఉన్న చోటునే ఎంచుకోండి. ఆ తరువాత పీహెచ్‌డీ, దానిపై పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కూడా అవసరం కావచ్చు గనుక ఇది చాలా ఏళ్ల ప్రయాణమని ఇంట్లో ఇప్పుడే చెప్పండి. మధ్యలో దారి మార్చుకోవలసి వచ్చినా, నేర్చుకున్న చిత్ర విశ్లేషణ ఔషధ పరిశోధనలో అక్కరకొస్తుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు వాడే పాక్లిటాక్సెల్ పనిచేసేది ఈ సూక్ష్మనాళికల మీదే.

ఈ సెలవుల్లో, విభజన చెందుతున్న కణాల వీడియో ఒకటి తీసుకుని, ప్రతి ఫ్రేములోనూ ధ్రువాల మధ్య దూరం కొలిచి, కాలంతో పాటు అది ఎలా మారుతోందో గ్రాఫు గీసి చూడండి.