ఐదో నెంబరు ఎవరిది?

విజయవాడ, సత్యనారాయణపురం
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి కంప్యూటర్ ముందు కూర్చుని నువ్విచ్చిన ఉదాహరణలన్నీ రన్ చేసి చూస్తూ. ఎనిమిదింటిలో ఏడు నువ్వు చెప్పినట్టే నడిచాయి. ఆ ఎనిమిదోదాని సంగతి చివర్లో చెబుతాను. టికిల్ (Tcl) అనే ప్రోగ్రామింగ్ భాషలోని రిటర్న్ కోడ్ల మీద తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మన గుంటూరు, విజయవాడ కాలేజీల నుంచి చిప్ డిజైన్ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలకు అక్కడి టూల్స్‌లో ముందు ఎదురయ్యేది ఈ భాషే. చాలామందికి దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పి ఉండరు. నీ వ్యాసం అలాంటి ఒక పిల్లవాడు రాత్రి పదింటికి హాస్టల్ గదిలో చదువుతాడనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నదంతా నీ మూడో పేరాలోని ఒక్క వాక్యం గురించే. "0 నుంచి 4 వరకు భాషవి, 5 మొదలుకొని ఏ నెంబరైనా మనం వాడుకోవచ్చు" అని రాశావు. చదవడానికి బాగుంది. కానీ అందులో సగం నిజమే ఉంది, మిగతా సగం చదివినవాడి మెడకు చుట్టుకుంటుంది.

మొదటి సగం సరే. ఏ కమాండ్ అయినా పని ముగించి వెనక్కి వచ్చేటప్పుడు ఫలితంతో పాటు ఒక నెంబరు తెస్తుంది, అదే రిటర్న్ కోడ్. 0 అయితే అంతా సవ్యం, 1 అయితే ఎర్రర్, 2 అయితే రిటర్న్, 3 బ్రేక్, 4 కంటిన్యూ. 1988లో జాన్ ఔస్టర్‌హౌట్ బర్కిలీలో ఈ భాషను మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న అందమైన ఆలోచన ఇది. బ్రేక్, కంటిన్యూ లాంటివి కూడా ఇక్కడ ప్రత్యేకమైన వ్యాకరణం కావు, మామూలు కమాండ్లే. బ్రేక్ అనే కమాండ్ చేసేదల్లా 3 పట్టుకుని వెనక్కి రావడం. ఆ 3 చూసి ఆగాల్సింది లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ తిప్పే కమాండ్. అందుకే మనం కూడా సొంత లూప్ కమాండ్ రాసుకోవచ్చు, సొంత నెంబరుతో దానికి కబురు పంపవచ్చు. దీన్ని నువ్వు చక్కగా చెప్పావు. ఒక్క ముక్క కూడా మార్చకు.

రెండో సగం దగ్గర ఆగుదాం. రిటర్న్ కమాండ్ మాన్యువల్ తెరిచి చూడు. అప్లికేషన్లు, ప్యాకేజీలు (వేరేవాళ్లు వాడుకునేలా కట్టిపెట్టిన కోడ్) తమ సొంత అవసరాలకు 5 నుంచి 107,37,41,823 వరకు వాడుకోవాలి, ఆ హద్దుకు బయట ఉన్నవి టికిల్ తనకోసం ఉంచుకుంది అని అందులో ఉంటుంది. అంటే పైన కూడా గీత ఉంది. 2ను 30 సార్లు హెచ్చించి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. కింద మైనస్ నెంబర్లన్నీ కూడా భాషవే. నీ వాక్యంలో పై గీతా లేదు, మైనస్ మాటా లేదు. ఎందుకు ఆ గీత పెట్టారో కూడా పాఠకుడికి చెప్పు. రేపు భాషలోకి కొత్త కోడ్ ఒకటి తేవాలంటే దానికి ఖాళీ చోటు ఉండాలి. దొరికిన చోటల్లా మనం ఆక్రమించేస్తే భాష ఎదగడానికి జాగా మిగలదు.

టికిల్‌కు కొత్త కమాండ్లు చేర్చే ఎక్స్‌పెక్ట్ అనే ఎక్స్‌టెన్షన్ గురించి నీకు తెలుసు, డాన్ లైబ్స్ 1990లో తెచ్చాడు. అది తన సొంత కోడ్లకు మైనస్ నెంబర్లు తీసుకుంది. ఇప్పటి హద్దు ప్రకారం అవి టికిల్ వైపు పడతాయి. ఇళ్లు ముందు కట్టేశాక వీధికి ప్లాను గీస్తే కొన్ని గోడలు గీత దాటే ఉంటాయి. వాటిని తప్పుబట్టాల్సిన పని లేదు. కానీ పాఠకుడు అలాంటి పాత కోడ్ చూసి "మైనస్ కూడా వాడొచ్చన్నమాట" అనుకునే ప్రమాదం ఉంది. ఒక వాక్యం రాయి.

ఇంకొక సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మాన్యువల్ ఆ 107 కోట్లనూ మనందరికీ కలిపి ఇచ్చింది. లోపల ఎవరిది ఏదో పంచిపెట్టలేదు. మనవాళ్లు బస్సు కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వేయడం నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు కదా. బస్టాండులో గుంటూరు బస్సు ఇంకా ఆగకముందే నాలుగు కర్చీఫులు పడతాయి. ఆర్టీసీ వాళ్లు పైన "స్త్రీలకు" అని రాసిన సీటు ఎవరిదో అందరికీ తెలుసు. అది మాన్యువల్‌లో రాసిన హద్దు లాంటిది. కర్చీఫ్ వేసిన సీటు మాత్రం వేసినవాడికే తెలుసు. రెండు కిటికీల్లోంచి రెండు కర్చీఫులు ఒకే సీట్లో పడితే తగవు తీర్చడానికి బస్సులో ఎవరి దగ్గరా కాగితం ఉండదు. ప్యాకేజీ రాసే ప్రతివాడూ 5 దగ్గర కర్చీఫ్ వేస్తాడు, ఎందుకంటే కంటికి మొదట కనిపించేది అదే. తర్వాత 6, 7, 10, 100, 999. 107 కోట్ల సీట్లున్న బస్సులో అందరం ముందు వరుస మీదే పడతాం.

ఇదేదో పోలిక కోసం చెబుతున్నానని అనుకోకు. నాకు జరిగింది.

చాలా ఏళ్ల కిందట గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి నేనూ ఒక మిత్రుడూ కలిసి ప్రోగ్రామ్ రాశాం. మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపలికి రాగానే లాట్ నెంబరు, రైతు పేరు, టిక్కీల లెక్క ఎక్కించడం, సాయంత్రానికి మొత్తం జాబితా ప్రింట్ తీయడం. లాట్లను ఒక్కొక్కటిగా తిప్పే కమాండ్ నాది. లోపలి కోడ్ నుంచి 5 వస్తే "ఈ లాట్ వదిలేసి తర్వాతదానికి వెళ్లు" అని నా అర్థం. ప్రింటర్ వైపు ప్యాకేజీ అతనిది. పేపర్ అయిపోతే అతని కమాండ్ కూడా 5 తో వెనక్కి వచ్చేది. అతని ఉద్దేశంలో దానికి "ఆపు, మనిషిని పిలువు" అని అర్థం. ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. ఎవరి ముక్క వాళ్లు టెస్ట్ చేసుకున్నాం, రెండూ బాగానే నడిచాయి.

ఒక సాయంత్రం పేపర్ అయిపోయింది. అతని 5 నా లూప్‌కు చేరింది. నా లూప్ దాన్ని తన 5 అనుకుని ఆ లాట్ వదిలేసి తర్వాతదానికి వెళ్లింది. దానికీ పేపర్ లేదు, మళ్లీ 5. అలా చివరి లాట్ దాకా వెళ్లి, ఒక్క ఎర్రర్ కూడా చూపకుండా "పూర్తయింది" అని ఆగింది. పొద్దున గుమాస్తా కొత్త పేపర్ పెట్టి పని చేసుకుంటూ పోయాడు. కొన్ని రోజుల తర్వాత ఒక రైతు సరుకు దాచినప్పుడు ఇచ్చిన బాండు పట్టుకుని వచ్చాడు. జాబితాలో ఆయన పేరు లేదు. సరుకు లోపలే ఉంది, బాండు చేతిలోనే ఉంది, కాగితం మీద మాత్రం మనిషే లేడు. కౌంటర్ దగ్గర ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. బాండును రెండు చేతులతో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రాత్రి సగం నా కోడ్‌లోనే వెతికాను. లోపలి కోడ్ తెచ్చిన నెంబరును పట్టి ఇచ్చే క్యాచ్ అనే కమాండ్ పెట్టి, వచ్చిన నెంబరు ప్రింట్ చేస్తే 5 అని కనిపించింది. 5 నాదే కదా, కాబట్టి తప్పు కూడా నా దగ్గరే ఉందనుకున్నాను. ఆ నెంబరు మీద ఎవరి పేరూ లేదు. మిత్రుడి ఫైలు తెరిచే ఆలోచన వచ్చేసరికి రెండు దాటింది.

అమ్మాయీ, నీ మూడో పేరాలో ఇది ఉండాలి. నా కథ అక్కర్లేదు, నువ్వే ఒక చిన్న ఉదాహరణ కట్టు. రెండు ప్యాకేజీలు, రెండింటికీ 5, వాటిని కలిపితే ఏం మాయమవుతుందో చూపించు. పట్టుకునేవాళ్లు ఎవరూ లేని కోడ్‌కు ఏమవుతుందో కూడా పక్కనే చూపించు. 7 తో వెనక్కి వచ్చే ప్రొసీజర్ (మనం సొంతంగా రాసుకునే కమాండ్) రాసి నేరుగా రన్ చేస్తే అది పైదాకా వెళ్లి "కమాండ్ చెడ్డ కోడ్‌తో తిరిగి వచ్చింది: 7" అనే అర్థం వచ్చే మెసేజ్ ఇస్తుంది. అది మంచి సంగతే, కనీసం అరిచి చెబుతుంది. భయపడాల్సింది వేరేవాళ్లు పట్టేసుకునే నెంబరుకు.

తర్వాత విరుగుడు. ముందుగా అసలు కొత్త కోడ్ అవసరమా అని అడగమను. నూటికి తొంభైసార్లు మనకు కావాల్సింది "ఇది కుదరలేదు, కారణం ఇదీ" అని చెప్పడం. దానికి 1 ఉంది, ఎర్రర్. దాని వెంట ఎర్రర్‌కోడ్ అనే మాటల జాబితా పంపవచ్చు. సున్నాతో భాగిస్తే టికిల్ తనే పంపే జాబితా చూడు. మొదటి మాట అరిత్ (ARITH, లెక్కల తప్పు), రెండోది డివ్‌జీరో (DIVZERO, సున్నాతో భాగహారం). మొదటి మాటలోనే ఏ కోవకు చెందిన తప్పో తెలిసిపోతుంది. నీ ప్యాకేజీ పేరును మొదటి మాటగా పెడితే నెంబర్ల తగవే రాదు. 8.6 వెర్షన్ నుంచి త్రో, ట్రై కమాండ్లు భాషలోనే ఉన్నాయి, ట్రైలో ట్రాప్ పెట్టి ఆ మొదటి మాటలు చూసి పట్టుకోవచ్చు. మేం ఆ రోజు పేపర్ అయిపోయిన సంగతిని ఎర్రర్‌గా పంపి ఉంటే రైతు కౌంటర్ దగ్గర నిలబడేవాడు కాదు.

నిజంగా కొత్త లూప్‌నో, "మళ్లీ ప్రయత్నించు" లాంటి కబురునో కట్టేవాళ్లకు మాత్రం సొంత నెంబరు కావాలి. వాళ్లకు చెప్పు: ముందు వరుస వదిలేసి లోపలికి వెళ్లి, ఎవరికీ తట్టని ఒక పెద్ద సంఖ్య తీసుకోమను. దాన్ని ఒక్కచోట వేరియబుల్‌లో పెట్టి పేరుతోనే వాడమను. ప్యాకేజీ డాక్యుమెంట్‌లో "ఈ నెంబరు మాది, దీని అర్థం ఇది" అని రాయమను. అన్నిటికన్నా ముఖ్యం, తన నెంబరును తన కమాండే పట్టుకోవాలి, బయటికి వదలకూడదు. తనది కానిది చేతికి వస్తే ముట్టుకోకుండా, క్యాచ్ ఇచ్చిన ఆప్షన్లతో (ఎలా వెనక్కి వచ్చిందో చెప్పే వివరాలతో) సహా, వచ్చినది వచ్చినట్టు పైకి పంపించాలి. ఆ ఆప్షన్ల సౌకర్యం 8.5 నుంచి ఉంది. నీ నాలుగో ఉదాహరణలో క్యాచ్ సున్నా కానిదల్లా ఎర్రర్ అనుకుంటోంది. అందులో బ్రేక్ కూడా ఎర్రర్ అయిపోతుంది. క్యాచ్ ఇచ్చిన నెంబరు 1 అవునా కాదా అని చూడాలి. దిద్దు.

ఇక ఎనిమిదో ఉదాహరణ. స్క్రిప్టు బయటికి వచ్చేటప్పుడు షెల్‌కు (మనం కమాండ్లు టైపు చేసే టెర్మినల్ ప్రోగ్రామ్‌కు) ఇచ్చే ఎగ్జిట్ కోడ్‌నూ, కమాండ్ రిటర్న్ కోడ్‌నూ కలిపేశావు. 300 ఇస్తే షెల్ 44 చూపించింది. అక్కడ 0 నుంచి 255 వరకే చోటు, మిగతాది చుట్టు తిరిగి వస్తుంది. కమాండ్ దొరక్కపోతే 127, కంట్రోల్ సీ నొక్కితే 130 లాంటివి షెల్ లెక్కలు. అదొక వేరే వ్యాసం. దీంట్లోంచి తీసెయ్.

మాటల గురించి ఒక్కటి. "నిర్గమన సంకేతం" అని రాశావు. హాస్టల్ గదిలో కుర్రాడు ఆ మాట చూసి ఏం వెతుక్కుంటాడు? రిటర్న్ కోడ్ అని రాయి. టీంలో నలుగురు ఏమంటారో అదే వ్యాసంలో ఉండాలి. అలాగే మాన్యువల్ "వాడుకోవాలి" అన్నచోట నువ్వు "వాడుకోవచ్చు" అని రాశావు. అక్కడిది సలహా, మీరినా టికిల్ ఆపదు. అయినా సలహాను అనుమతిగా మార్చేస్తే హద్దు పోతుంది. మాన్యువల్ నుంచి తెచ్చే ప్రతి వాక్యంలో క్రియను పట్టుకుని రెండుసార్లు చూడు.

వచ్చే శనివారం మీ నాన్నతో పాటు వస్తానన్నావు కదా. మూడో పేరా కొత్తగా రాసి, రెండు ప్యాకేజీల ఉదాహరణ రన్ చేసిన అవుట్‌పుట్‌తో సహా తీసుకురా. నా పాత ఫైళ్లు ఒక డిస్క్‌లో ఉన్నాయి, ఆ లాట్ల లూప్ ఇంకా అందులోనే ఉంటుంది. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయ్