క్యాంపు లెక్క ఊరి లెక్క కాదు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

కవిటి మండలంలో ఉద్యోగంలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. కానీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "క్యాంపుకి 60 మంది వచ్చారు, 24 మందికి క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) ఎక్కువుంది. అంటే ఊళ్లో 40 శాతానికి కిడ్నీ జబ్బే కదా మావయ్యా" అన్నావు. కాదమ్మా. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు భయం ఎలాగూ ఉంది. ఈ అంకె నీ నోట వస్తే ఆ ఊరి పిల్లలకి సంబంధాలు కూడా తప్పిపోతాయి.

క్యాంపుకి ఎవరొచ్చారో చూడు. కాళ్లు పొంగినవాళ్లు, తండ్రో అన్నో డయాలసిస్‌కి తిరుగుతున్నవాళ్లు. ఒంట్లో బాగున్నవాడు ఆ వేళకి జీడితోటలోనో, సముద్రం మీదో ఉంటాడు. వాడు నీ 60లో లేడు.

ఇళ్ల జాబితా పట్టుకో. చీటీ తీసి మొదటి ఇల్లు ఎంచుకుని, అక్కణ్ణుంచి ప్రతి పదో ఇంటికీ వెళ్లు. ఇంట్లో 18 దాటినవాళ్లలో ఒక్కరినే, అదీ చీటీ వేసి తీసుకో. తాళం కనిపిస్తే చాలామంది పక్కింటికి పోతారు, నువ్వు మాత్రం పోకు. ఆ ఇంటివాళ్లు పనికి వెళ్లి ఉండొచ్చు, విశాఖ ఆసుపత్రికీ వెళ్లి ఉండొచ్చు. ఈ రెండూ లెక్కని చెరో వైపు లాగుతాయి. పొద్దుగూకాక మళ్లీ తలుపు తట్టు.

అలా 100 మందిలో 20 మందికి క్రియాటినిన్ ఎక్కువుందనుకో, కొందరినే చూసి ఊరి అంకె కచ్చితంగా చెప్పలేం కాబట్టి "12 నుంచి 28 శాతం మధ్య" అని రాయి. 400 మందిలో 80 అయితే 16 నుంచి 24. నాలుగింతల మందిని చూసినా ఆ ఎడం సగానికే తగ్గుతుంది, అంత కష్టం ఇది.

30 మందిలో ఒక్కరికీ లేకపోయినా "ఈ ఊరికి భయం లేదు" అనకు. ఒక్కరూ తగలనప్పుడు 3ని చూసినవాళ్ల సంఖ్యతో భాగించడం ఓ అంచనా సూత్రం, ఇక్కడ 3ని 30తో భాగించు. నూటికి పదిమంది దాకా ఉండి కూడా నీకు తగలకపోయి ఉండొచ్చు.

ఒక్క పరీక్షతో ఎవరికీ జబ్బు ముద్ర వెయ్యకు. ఎండలో పనిచేసి, నీళ్లు తాగకుండా వచ్చినవాడికి ఆ రోజు కాస్త పెరగొచ్చు. ఎక్కువున్నవాళ్లని వెంటనే డాక్టరు దగ్గరికి పంపు, కానీ మూడు నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బని రాయి. కారణం ఇంకా తేలని జబ్బు కాబట్టి నువ్వు రాసే లెక్క మీదే రేపు ఎవరైనా ఆధారపడాలి.

ఎన్ని ఇళ్లు ఎంచావు, ఎన్నింటికి తాళం, ఎంతమంది వద్దన్నారు అన్నది రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసుకో. ఆ పేజీ నకలు నాకు పంపు, చూస్తాను.

మీ మావయ్య