రాక్ సరౌండ్ మిక్స్‌లో లీడ్ వోకల్ ఎక్కడ ఉండాలి?

మీరు అడిగింది ఇది: 5.1లో (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉండే సరౌండ్ పద్ధతి) రాక్ ఆల్బమ్‌లు వింటుంటే ఒకదాంట్లో లీడ్ వోకల్, అంటే ముఖ్యంగా పాడేవాళ్ల గొంతు, సెంటర్ స్పీకర్‌లోంచే వస్తోంది, ఇంకోదాంట్లో సెంటర్ దాదాపు మూగగా ఉండి గొంతు లెఫ్ట్, రైట్‌ల మధ్యలో వినబడుతోంది. వీటిలో ఏది కరెక్టు, లేక తప్పు నా సెటప్‌లోనే ఉందా అని.

సెటప్ గురించి టెన్షన్ వద్దు, ఆ రెండు పద్ధతులూ కావాలని చేసేవే. నేను బ్యాండ్‌ల పాటలు స్టీరియోలోనూ సరౌండ్‌లోనూ మిక్స్ చేస్తుంటాను కాబట్టి కన్సోల్ ఇవతలి నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. గొంతు సెంటర్‌లో ఉందా లేదా అన్నదానికంటే, అక్కడ గొంతుకి తోడుగా ఇంకేం పెట్టారన్నదే నేను ముందు చూస్తాను.

స్టీరియోలో మధ్యన స్పీకర్ ఉండదు కదా. ఒకే గొంతు రెండు స్పీకర్లలోంచీ సమానంగా వస్తే మధ్యలోంచి వస్తున్నట్టు మనకి అనిపిస్తుంది. దీన్నే ఫాంటమ్ సెంటర్ అంటారు. సరిగ్గా మధ్యలో కూర్చున్నంతసేపే ఈ భ్రమ నిలుస్తుంది. ఓ అడుగు ఎడమకి జరిగారంటే ఎడమ స్పీకర్ శబ్దం ముందు చేరి, గొంతు మొత్తం అటు వెళ్లిపోతుంది. సోఫాలో చివర కూర్చున్నవాళ్లకి పాటంతా ఒక పక్క నుంచే పాడినట్టుంటుంది. గొంతుని నిజం సెంటర్ స్పీకర్‌లో పెడితే ఆ గొడవే లేదు. సినిమాల్లో డైలాగులు అక్కడ ఉండేది కూడా అందుకే.

మరి అందరూ అదే చేయొచ్చుగా అంటే, టోన్ మారిపోతుంది. ఫాంటమ్‌లో ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికి ముందు చేరి, తల చుట్టూ తిరిగి కుడి చెవికి దాదాపు పావు మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. కుడి స్పీకర్‌దీ అంతే, ఇటు నుంచి అటు. అంటే ఒక్కో చెవికి ఒకే గొంతు రెండుసార్లు అందుతోంది. ఆ కాస్త తేడా వల్ల 2 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో అవి ఒకదాన్నొకటి కొంత చెరిపేసుకుంటాయి. స్టీరియో మిక్స్ చేసేవాళ్లు తెలిసో తెలియకో ఆ లోటు వింటూనే ఈక్యూ (కొన్ని ఫ్రీక్వెన్సీలని పెంచే, తగ్గించే సర్దుబాటు) పెడతారు. అదే ట్రాక్‌ని తీసుకొచ్చి ఒక్క సెంటర్ స్పీకర్‌లోకి పంపితే లోటు పోయి, ఈక్యూ మాత్రం మిగులుతుంది. స, చ, ట లాంటి అక్షరాలు గుచ్చుకుంటాయి, ఊపిరి మరీ దగ్గరగా వినిపిస్తుంది. అందుకే పాత రికార్డింగ్‌లని సరౌండ్‌లోకి మార్చేటప్పుడు నేను సెంటర్‌కి వెళ్లే వోకల్‌కి విడిగా ఈక్యూ పెట్టుకుంటాను. 2 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించి, గుచ్చుకునే స, చ శబ్దాలని అణిచే డీ-ఎస్సర్‌ని మళ్లీ మొదటి నుంచి సెట్ చేస్తాను.

ఇంకో కారణం పాడేవాళ్ల భయం. బయట దీని గురించి పెద్దగా మాట్లాడరు. ఒక బ్యాండ్ పాట మిక్స్ అవుతుండగా వాళ్ల గాయని సెంటర్ ఛానల్ ఒక్కటే వినిపించమంది. వినిపించాను. రెండు లైన్ల మధ్య ఖాళీలో ఆమె హెడ్‌ఫోన్స్ లోంచి మైక్‌లోకి కారిన క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా పాడేవాళ్లకి వినిపించే శబ్దం) టిక్ టిక్‌మంటోంది. ఒక చోట రెండు టేక్‌లు (విడివిడిగా పాడిన రికార్డింగ్‌లు) అతికిన జాగాలో ఊపిరి సగంలో తెగింది. గిటార్లు ఉన్నప్పుడు ఇవేవీ ఎవరికీ వినబడవు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంట్లో ఎవరైనా మిగతా స్పీకర్లు పీకేస్తే ఇదే వింటారా?" అంది. అవును, అదే వింటారు. అంతేకాదు, ఆ గొంతుని కోసుకుని ఇంకో పాటలో అతికించుకోనూ వచ్చు. చాలామంది కళాకారులు లీడ్‌ని సెంటర్‌లో ఒంటరిగా వదలొద్దని పట్టుబట్టేది ఇందుకే. వాళ్లని తప్పుపట్టలేను.

నాకు మాత్రం అసలు అభ్యంతరం వేరే ఉంది. సెంటర్‌లో గొంతు ఒక్కటే పెట్టి డ్రమ్స్, గిటార్లు, బేస్ అన్నీ పక్కలకి తోసేస్తే, వార్తలు చదివే మనిషి వెనక ఎవరో బ్యాండ్ వాయిస్తున్నట్టు ఉంటుంది. రాక్‌లో గొంతు వాయిద్యాలతో తలపడాలి. స్నేర్ డ్రమ్ దెబ్బ, బేస్ గిటార్, గొంతు ఒకే గాలిలోంచి రావాలి. అందుకని కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్, బేస్‌లలో కొంత భాగాన్ని నేను సెంటర్‌లోకీ పంపుతాను. లీడ్ వోకల్ ముఖ్యంగా సెంటర్‌లోనే ఉంచి, అదే గొంతుని లెఫ్ట్, రైట్‌లలో సుమారు 6 డెసిబెల్ తక్కువగా కలుపుతాను. శబ్దం ఏ స్పీకర్‌లోకి ఎంత వెళ్లాలో నిర్ణయించే పానర్‌లో డైవర్జెన్స్ అనే నాబ్ చేసేది ఈ పనే. మూడింటిలోనూ సమానంగా మాత్రం పెట్టను. తల కాస్త కదిలించినా గొంతు బోలుగా మారి, ఫేజర్ ఎఫెక్ట్ వేసినట్టు అయిపోతుంది. ఆ గొంతుకి చిన్న గది రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) ఇచ్చి ముందు మూడు స్పీకర్లలోకీ, కొంచెం వెనక్కీ పంపితే చాలు, గొంతు బ్యాండ్‌లో కలిసిపోతుంది. గాయని అడిగిన ప్రశ్నకీ అదే జవాబైంది. సెంటర్ ఒక్కటే విడిగా వింటే ఇప్పుడు స్నేర్, బేస్ కూడా వస్తాయి, గొంతు నగ్నంగా దొరకదు.

దీనికీ ఒక ఖరీదుంది. 5.1ని స్టీరియోలోకి కుదించేటప్పుడు సెంటర్‌ని మామూలుగా 3 డెసిబెల్ తగ్గించి రెండు పక్కలకీ కలుపుతారు. పక్కల్లో ఇప్పటికే గొంతు ఉంటే రెండూ కూడి, వోకల్ మిగతా బ్యాండ్ కంటే 2-3 డెసిబెల్ పైకి లేస్తుంది. ఇలా కుదించిన డౌన్‌మిక్స్ విని చూడకుండా ఫైల్ పంపేస్తే ఫిర్యాదు చేస్తూ ఫోన్ రావడం ఖాయం.

మీకు కనబడుతున్న తేడాలో కొంత చరిత్రది కూడా. 1970ల క్వాడ్ మిక్స్‌లకి నాలుగు మూలలా నాలుగు స్పీకర్లే, సెంటర్ అనేదే లేదు. కాబట్టి ఆ మిక్స్‌లని డిస్క్ మీద మళ్లీ విడుదల చేసినప్పుడు సెంటర్ స్పీకర్ నోరు మెదపకపోతే అది సహజం. పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' దీనికి మంచి పాఠం. సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్ 1970లలో చేసిన క్వాడ్ మిక్స్ 2011 బాక్స్ సెట్‌లో ఉంది, మరో ఇంజనీర్ జేమ్స్ గత్రీ 5.1 మిక్స్ 2003లో ఎస్‌ఏసీడీగా (సరౌండ్ కూడా పట్టే ఒక రకం డిస్క్) వచ్చింది. ఒకే టేపుల్ని ఇద్దరు మనుషులు, రెండు కాలాల్లో పరిచిన తీరు పక్కపక్కన పెట్టి వినండి. నేను రాసిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది.

లీడ్‌ని వెనక స్పీకర్లలో పెట్టడం నాకు నచ్చదు. చెవి డొప్ప ముందుకి తిరిగి ఉంటుంది. వెనక నుంచి మాట వినబడగానే మెడ తిప్పి చూస్తాం, పాట అక్కడితో పోయినట్టే. హార్మనీలు, కోరస్ మాత్రం వెనక్కి హాయిగా వెళ్తాయి. కాకపోతే ముందు ఎడమ, వెనక ఎడమ స్పీకర్లకి నడుమ గాలిలో ఒక గొంతుని నిలబెట్టాలని చూడకండి. పక్కల్లో ఫాంటమ్ సరిగా నిలవదు. తల తిప్పగానే అది ముందుకో వెనక్కో గెంతుతుంది. స్పీకర్‌కే పంపండి, లేదా రెండు వేర్వేరు టేక్‌లు పాడించి ముందొకటి వెనకొకటి పెట్టండి. లీడ్‌ని పెద్దది చేయాలంటే దాని కాపీని ఓ 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి తక్కువ లెవెల్లో వెనక్కి పంపితే, గొంతు ముందే ఉన్నట్టు అనిపిస్తూ వెడల్పవుతుంది.

అట్మాస్‌లో (పైనుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ సరౌండ్ పద్ధతి) కూడా ఇదే తగువు, ఇంకాస్త చిక్కుగా. అక్కడ ఎక్కువమంది వినేది హెడ్‌ఫోన్స్‌లో. సెంటర్‌లో గట్టిగా కట్టేసిన గొంతు బైనారల్‌లోకి (హెడ్‌ఫోన్స్‌లోనే చుట్టూ వినిపిస్తున్నట్టు చేసే రూపం) మారాక కొన్నిసార్లు గదిలో దూరంగా నిలబడి పాడినట్టు అవుతుంది. ఆ మార్పు చేసే డాల్బీ రెండరర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఆబ్జెక్ట్‌కీ (విడిగా చోటు ఇచ్చిన శబ్దం) దగ్గర, మధ్య, దూరం అని ఎంచుకోవచ్చు, పూర్తిగా ఆపేయనూ వచ్చు. కానీ ప్లే చేసే యాప్‌లు అన్నీ వాటిని పట్టించుకోవు. అందుకే నేను అట్మాస్‌లో లెఫ్ట్, రైట్ వాటా కాస్త పెంచుతాను.

ఇక మీ గదిలో చూసుకోవాల్సినవి. ముందుగా రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) అప్‌మిక్సర్ ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడండి. అది స్టీరియోలో మధ్యన ఉన్నదాన్నంతా లాగి సెంటర్‌లో పడేస్తుంది, మీరు అసలు మిక్సే అలా ఉందనుకుంటారు. డైలాగ్ పెంచే మోడ్ ఉంటే ఆపండి. టెస్ట్ టోన్ పెట్టి మూడు ముందు స్పీకర్లూ ఒకే లెవెల్లో ఉన్నాయో లేదో చూసి, దూరాలు టేపుతో కొలిచి నింపండి. సెంటర్ స్పీకర్ టీవీ కింద అరలో లోపలికి ఉంటే అంచు దాకా లాగి, ముందు భాగం మీ చెవుల వైపుకి కొద్దిగా ఎత్తండి. సెంటర్‌లో గొంతు బొంగురుగానో ముక్కుతోనో వినబడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ అరే.

ఆ తర్వాత మిగతా స్పీకర్లన్నీ ఆపేసి సెంటర్ ఒక్కటే వినండి. గొంతుతో పాటు స్నేర్ కూడా వస్తే ఆ మిక్స్ చేసినవాళ్ల ఆలోచన నాలాంటిదే. గొంతు ఒక్కటే వస్తే, ఆ ఆల్బమ్‌కి సెంటర్ లెవెల్ ఒకటి రెండు డెసిబెల్ తగ్గించుకుని వినండి, అది మీ ఇష్టం. తర్వాతి డిస్క్ పెట్టేముందు మళ్లీ ముందున్న లెవెల్‌కి తెచ్చుకోండి.