లెక్కలు రాకపోతే ‘పై’ సినిమా అర్థమవుతుందా?

‘లెక్కలంటే భయం, డారెన్ ఆరొనోఫ్‌స్కీ తీసిన పై (Pi, 1998) నాకు ఎక్కుతుందా? చూసిన ఫ్రెండ్ తలనొప్పి వచ్చిందంటున్నాడు’ అని అడిగారు. లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. తలనొప్పి మాత్రం నిజమే. (పడవలో పులి ఉండే ‘లైఫ్ ఆఫ్ పై’ వేరు. అదనుకుని పిల్లలతో కూర్చుని ఇది పెట్టకండి.)

నాకు మైగ్రేన్ ఉంది. లెక్కల మేధావి అయిన హీరో మ్యాక్స్‌కీ భరించలేని తలనొప్పులు వస్తుంటాయి. నొప్పి వచ్చే ముందు అతని బొటనవేలు దానంతటదే అదురుతుంది. మాత్రలు మింగుతాడు, ఇంజెక్షన్ పొడుచుకుంటాడు, అయినా ఆగదు. మధ్యలో బూడిదరంగు దాదాపు లేని నలుపు తెలుపు బొమ్మ, నటుడి ఒంటికే కెమెరా కట్టి తీసిన షాట్లు, చెవిలో గీపెట్టే శబ్దం... ఆ నొప్పిని ఇంత దగ్గరగా చూపించిన సినిమా నేనింకోటి చూడలేదు. సగంలో ఆపేసి, మిగతాది మర్నాడు పగలు చూశాను.

కథ న్యూయార్క్ చైనాటౌన్‌లో. మ్యాక్స్ షేర్ మార్కెట్‌లో ఏదో క్రమం ఉందని వెతుకుతుంటే, కంప్యూటర్ పాడైపోతూ 216 అంకెల సంఖ్య ఒకటి కక్కుతుంది. వాల్‌స్ట్రీట్ వాళ్లు దానికోసం వెంటపడతారు. ఒక యూదు బృందమైతే అది దేవుడి పేరే అంటుంది. ఆ బృందంలోని లెన్నీ హీబ్రూ అక్షరాలకు అంకెలు వేసి చూపిస్తాడు: తండ్రి 3, తల్లి 41, కలిపితే బిడ్డ 44! అక్షరాలకు అంకెలు కట్టే మన పాత పద్ధతి కటపయాది తెలిసినవాళ్లకీ, న్యూమరాలజీ నమ్మి పేరులో ఒక అక్షరం ఇరికించుకున్నవాళ్లకీ ఈ సీన్ భలే నచ్చుతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది మ్యాక్స్ గురువు సోల్. 216 కోసం వెతికితే అదే అంతటా కనిపిస్తుందంటాడు, వీధి మలుపు నుంచి గుమ్మం దాకా వేసే అడుగుల్లోనూ, లిఫ్ట్‌లో గడిపే సెకన్లలోనూ. ఎంత సబబైన మాట! కానీ ఆ పెద్దాయనా ఒకప్పుడు ఆ 216 అంకెల సంఖ్య దాకా వెళ్లినవాడేనని తర్వాత తెలుస్తుంది. ఇక ఎవరికి పిచ్చో, ఎవరిది జ్ఞానమో తేల్చుకోవడం మన వంతు. దర్శకుడు తేల్చడు, నాకు నచ్చిందీ అదే.

దాదాపు 60 వేల డాలర్లతో తీశారు, నిడివి గంటన్నర లోపే. తెర మీద వెలుగు మిణుకుమంటూ ఉంటుంది, ఫిట్స్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. చివర్లో డ్రిల్లింగ్ మెషిన్ సీన్ ఉంది, రక్తం చూడలేనివాళ్లు అక్కడ కళ్లు మూసుకోండి. హెడ్‌ఫోన్స్ అసలు వద్దు.