వడ్డీ లేని కిస్తీలో వడ్డీ ఎంత?

ప్రశ్న: మాది కాజీపేట. దసరా ఖర్చులకని 45,000 దాచాం. హనుమకొండలో ఒక షోరూంలో 30,000 ఫ్రిజ్‌కు క్రెడిట్ కార్డు మీద 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. పాతదానికి ఎక్స్ఛేంజ్ 3,000 అట. జీఎస్టీ కూడా తగ్గిందంటున్నారు. ఫ్రిజ్ కిస్తీల్లో తీసుకుని, చేతిలో డబ్బుతో బట్టలు కొనుక్కోవచ్చా?

జవాబు: డబ్బు చేతిలోనే ఉంది కదా, ముందు నగదు ధర అడగండి. కార్డు మాట, పాత ఫ్రిజ్ మాట ఎత్తొద్దు. "ఇప్పుడే మొత్తం కడితే ఆఖరి ధర ఎంత?" అని అడిగి, మోడల్ నంబరుతో సహా కాగితం మీద రాయించుకోండి. రెండు మూడు షాపుల్లో అదే మోడల్‌కు అడిగాకే ఎక్స్ఛేంజ్ సంగతి తీయండి. ముందే చెబితే, ఎలాగూ తగ్గించాల్సిన సొమ్మునే పాతదాని ఖరీదుగా చూపిస్తారు. పాత సామాను కొనేవాళ్లు ఎంతిస్తారో కూడా కనుక్కోండి.

ఇక కిస్తీలు. సున్నా వడ్డీ పథకాలు కూడదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అందుకే ఇప్పుడు కార్డు మీద వడ్డీ పడుతూనే ఉంటుంది. షాపో కంపెనీయో అంతే మొత్తం ధరలో తగ్గించి సరిచేస్తుంది. నగదు ఇచ్చేవారికి దక్కాల్సిన తగ్గింపు అలా వడ్డీకి పోతుంది.

వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. నెలకు 3,333 చొప్పున 9 కిస్తీలు కడితే అందులో అసలు 28,208, వడ్డీ 1,792. ఈ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 323 రూపాయలు, మీరే కట్టాలి. ఒకేసారి కాకుండా నెలనెలా స్టేట్‌మెంట్‌లో చిన్న చిన్న మొత్తాలుగా పడుతుంది కాబట్టి చాలామంది గమనించరు. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే పన్నుతో కలిపి 235. మొత్తం 30,558 అయింది. అదే ఫ్రిజ్ నగదుకు 28,500కు ఇస్తే తేడా 2,058.

నగదుకైనా పైసా కూడా తగ్గించేది లేదన్నారనుకోండి. అప్పుడు కిస్తీలకు అదనంగా పడేది 558. మీ 30,000 సేవింగ్స్ ఖాతాలో 2.5 శాతానికి పెట్టి, నెలనెలా తీసి కడుతూ పోతే 9 నెలల్లో వచ్చే వడ్డీ 310 దాకా ఉంటుంది. అలా చూసినా గిట్టుబాటు కాదు. ఒక్క కిస్తీ గడువు దాటితే ఆలస్య రుసుము వేరే. ఈఎంఐ లేకుండా కార్డు గీకితే వచ్చే బ్యాంకు తగ్గింపు ఉంటే మాత్రం వాడుకోండి, బిల్లు రాగానే మొత్తం కట్టేసేటట్టయితేనే. "10 శాతం" అన్నచోట గరిష్ఠ పరిమితి ఎంతో చూడాలి. అది 1,500 అయితే 30,000 మీద మీకు దక్కేది 5 శాతమే.

జీఎస్టీ మాట సగమే నిజం. 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు. ఫ్రిజ్‌లకు 2018 జులై నుంచే 18 శాతం. దాని పేరు చెప్పి ధర తగ్గించామంటే నమ్మకండి.

కరెంటు ఆదాకు గుర్తుగా ఫ్రిజ్ మీద వేసే స్టార్ల సంగతీ అంతే. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఒకదాని మీద 210, మరొకదాని మీద 160 ఉందనుకోండి. తేడా 50 యూనిట్లు, యూనిట్ 5 రూపాయల లెక్కన ఏడాదికి 250. దానికోసం 4,000 ఎక్కువ పెడితే తిరిగి రావడానికి 16 ఏళ్లు. అయితే మీకు గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) వర్తిస్తూ, ఎండాకాలం మీటరు 200 యూనిట్ల అంచున తిరుగుతుంటే ఆ లెక్క మారుతుంది. 200 దాటిన నెల బిల్లంతా మీదే కాబట్టి ఎక్కువ స్టార్లదే తీసుకోండి.

కౌంటర్లో ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టబోతే, కంప్రెసర్‌కు కంపెనీ ఇచ్చే వారంటీ ఎన్నేళ్లో ముందు అడగండి. అది సాధారణంగా విడిభాగానికే, గ్యాస్‌కూ కూలికీ వేరుగా పడుతుంది.

మిగిలిన డబ్బుతో వరంగల్ బట్టల బజారుకు వెళ్తారేమో. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. 3,000 కుర్తాపై 40 శాతం తగ్గింపు అంటే 1,800. బిల్లు కింద మళ్లీ 5 శాతం జీఎస్టీ వేసి 1,890 చేస్తే అది 37 శాతం తగ్గింపే. అక్కడే అడగండి, సరిచేయకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.