నిజంగా ఉన్న పాత బంగళా మీద మిస్టరీ నవల రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంగ్లండ్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న ఒక పాత కంట్రీ హౌస్‌ని తీసుకుని చారిత్రక మిస్టరీ రాయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంటి పేరు అలాగే ఉంచాలా అని అడిగారు. నేను ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్ దగ్గర ఆరేళ్లు ఉన్నాను. సెలవు దొరికితే ఆ చుట్టుపక్కల పాత ఇళ్లు చూసేవాణ్ని. అలాంటి నవలే ఒకటి మొదలుపెట్టి, సగంలో చించేసి మళ్లీ రాశాను.

మొదటిసారి ఫొటోలు చూసి రాశాను. కందకం, తీగలు అల్లుకున్న గోడలు, పొగమంచు అన్నీ పెట్టాను. హంతకుడు అర్ధరాత్రి వరండా వెంట వెళ్లి పని ముగించుకుని వచ్చేస్తాడు. చదివిన స్నేహితురాలు ఒక్కటే అడిగింది: "ఇరవై మంది పనివాళ్లున్న ఇల్లన్నావు, ఒక్కరి కంటా పడలేదా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో ఎవరు ఎటునుంచి ఎటు నడుస్తారో నాకే తెలియదు మరి.

నేను పెరిగింది అమ్మమ్మగారి మండువా ఇంట్లో. ఎవరు ఏ గదిలోంచి బయటికొచ్చినా మండువాలో కూర్చున్నవాళ్లకి కనిపించాల్సిందే. ఇంగ్లండ్‌లో 18, 19 శతాబ్దాల పెద్ద ఇళ్ల పద్ధతి వేరు. దొరలకి ఒక మెట్లదారి, పనివాళ్లకి వెనక ఇంకొకటి. పనివాళ్లు దొరల కంటపడకూడదనే అలా కట్టారు. ఒకే కప్పు కింద రెండు ఇళ్లున్నట్టు. ఈ సంగతి పట్టుకున్నాకే నా కథ కదిలింది.

కాబట్టి ముందు ఇంటి ప్లాన్ గీయండి. హత్య తర్వాత.

వార్విక్‌షైర్‌లో బాడెస్లీ క్లింటన్ అనే కందకం ఇల్లుంది, వీలైతే తప్పక చూడండి. 1585 చట్టంతో క్యాథలిక్ ఫాదర్లు ఇంగ్లండ్‌లో ఉండటమే రాజద్రోహం అయింది, ఆశ్రయమిచ్చినవాళ్లకీ మరణశిక్షే. 1591 అక్టోబర్‌లో ఒకరోజు తెల్లవారకముందే ఈ ఇంటి మీద సోదా పడింది. పనివాళ్లు తలుపు దగ్గర సోదావాళ్లని ఆపుతుంటే లోపలున్న ఫాదర్లు నేల కింది పాత మురుగు సొరంగంలోకి దిగారు. చీలమండల లోతు నీళ్లలో దాదాపు నాలుగు గంటలు నిలబడ్డారు. వాళ్లలో ఒకరైన జాన్ జెరార్డ్ తర్వాత ఇదంతా రాసిపెట్టాడు. అందులో ఒక చిన్న విషయం నన్ను ఇప్పటికీ వదలదు. పక్కలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, సోదావాళ్లు చెయ్యి పెట్టి చూస్తే దొరికిపోతారు. అందుకని దిగేముందు పరుపులు తిరగేసి చల్లటి వైపు పైకి పెట్టారట! ఇంతకంటే మంచి క్లూ ఊహించి రాయగలమా? నేనైతే రాయలేను.

వూస్టర్‌షైర్‌లోని హార్వింగ్టన్ హాల్ ఇంకా ఆశ్చర్యం. పెద్ద మెట్లలో రెండు మెట్లు మూతలా పైకి లేస్తాయి. లైబ్రరీలో గోడకున్న నిలువు దూలాన్ని గైడ్ నెడితే అది పక్కకి తిరిగింది. వెనక మనిషి పట్టేంత చీకటి సందు. చేత్తో తోసి చూస్తే తప్ప అది కదులుతుందని ఎవరూ అనుకోరు. ఫాదర్లు దాక్కోడానికి కట్టిన ఇలాంటి చోట్లు చాలావరకు నికొలస్ ఓవెన్ అనే వడ్రంగి పనితనం అంటారు. 1606లో లండన్ టవర్‌లో చిత్రహింసలకి చనిపోయాడు, ఒక్క చోటు కూడా బయటపెట్టలేదు. ఆయన గురించి చదివాక, నా కథలో రహస్య గది కట్టిన మనిషికి కూడా ఒక పేరూ బతుకూ ఇచ్చాను.

పేరు సంగతి. ఇంటిని వాడుకోండి, పేరు మార్చండి. అగాథా క్రిస్టీ డెవన్‌లో తను 1938లో కొనుక్కున్న గ్రీన్‌వే ఇంటినీ, నది ఒడ్డున ఉన్న దాని పడవల షెడ్డునీ 1956 నాటి నవలలో వాడుకుంది, కానీ ఇంటికి నాస్ హౌస్ అని పేరు పెట్టింది. నిజంగా జరిగిన నేరమైతే ఇంకా జాగ్రత్త. 1860లో రోడ్ హిల్ హౌస్‌లో నాలుగేళ్లు కూడా నిండని పసివాణ్ని చంపారు. డిటెక్టివ్ విచర్ అనుమానమంతా ఇంట్లోంచి మాయమైన ఒక నైట్‌డ్రెస్ మీద నిలిచింది. అతని మాట ఎవరూ నమ్మలేదు, అతను అనుమానించిన, ఆ పసివాడి సవతి అక్క 1865లో తనే నేరం ఒప్పుకుంది. విల్కీ కాలిన్స్ 1868 నవలలో ఆ దుస్తుల ఆధారాన్ని తీసుకుని, పసివాడి హత్యని వదిలేసి, కథని వజ్రం దొంగతనం మీద నడిపాడు. ఆ పసివాడి బాధని అలా పక్కన పెట్టడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

ఇల్లు చూడటానికి వెళ్తే పెద్ద హాల్లో ఎక్కువసేపు ఉండకండి. వంటింటి నుంచి భోజనాల గదికి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టండి, ఏ మెట్టు కిర్రుమంటుందో రాసుకోండి, రాత్రి ఏ తలుపుకి లోపల గడియ ఉంటుందో గైడ్‌ని అడగండి. నేను రెండోసారి రాసినప్పుడు కాగితం మీద ముందు ఉన్నవి ఇవే.